ఊపు నాపు సాధనము: షాక్ అబ్సార్బరును ఎన్నుకొనుట ఎట్లు?

ఏలూరు నుండి తాడేపల్లిగూడెమునకు పోవు జాతీయ రహదారిపై భీమడోలు అను ఊరు కలదు. అచ్చటి నుండి రెండు దిక్కులకు రెండు విధములైన దారులు పోవుచున్నవి. దక్షిణముగా పోయినచో కొల్లేటి ప్రాంతము. అది నల్లని బంకనేల. వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెరియలు విచ్చును. అట్టి నేలపై వేసిన రోడ్డు క్రమముగా అలలవలె లేచి పడియుండుట మన మెరుగుదుము. ఉత్తరముగా పోయినచో ద్వారకా తిరుమల కొండ వచ్చును. అచ్చటి నుండి మెట్ట భూములు, ఎర్రనేలలు. ఇంకను పైకి జంగారెడ్డిగూడెము, బుట్టాయగూడెము దాటినచో కంకర బాటలు, వాగులు, అడవి. గుబ్బల మంగమ్మ తల్లి దర్శనమునకు పోవువారికి ఈ బాటల సంగతి చెప్పనక్కరలేదు.

ఈ రెండు దారులను ఒకే ప్రయాణములో త్రొక్కదలచిన కుటుంబ మొకటి ఉన్నదనుకొందము. వారికి ఫోర్ వీల్ డ్రైవు బండి, అనగా ఇంజను శక్తి నాలుగు చక్రములకును అందు బండి కలదు. మనుషులు, సామాను ఎక్కగానే బండి వెనుకభాగము క్రుంగుచున్నది. గుంతలో పడి లేచిన తరువాత బండి చాలసేపు ఊగుచున్నది. షెడ్డుకు తీసికొని పోగా, "షాకులు పోయినవి. వీటికంటె గట్టివి వేయించండి, బండి కూడ పైకి లేచును" అను సలహా వచ్చును. ఈ సలహాలో సగము నిజము, సగము పొరపాటు. ఏది నిజమో, ఏది పొరపాటో హైస్కూలు భౌతికశాస్త్రముతోనే తేల్చుకొనవచ్చును. తేల్చుకొనవలసిన అవసరము కూడ కలదు. ఈ విషయమున పొరపడినచో పోవునది డబ్బు మాత్రమే కాదు. ఇరుప్రక్కల నీరున్న గట్టురోడ్డుపై నిండు బండిని బ్రేకు వేసి నిలుపగలుగుట కూడ దీనిపై ఆధారపడియున్నది.

మోయునది ఒకటి, ఆపునది మరొకటి

బండి బరువును మోయునది స్ప్రింగు. అది కమాను కట్టలు కావచ్చును, చుట్ట స్ప్రింగు కావచ్చును, మెలిపడు కడ్డీ కావచ్చును. స్ప్రింగు గుణము మనకు తెలిసినదే. ఎంత నొక్కిన అంత ఎదురు త్రోయును. దానిని నొక్కుటకు ఖర్చయిన శక్తిని తనలో దాచుకొని, వదలగానే తిరిగి ఇచ్చివేయును. ఇందువలననే గుంతలో పడిన బండి ఒక్కసారి లేచి ఊరకుండక, ఉయ్యాలవలె పైకి క్రిందికి ఊగును. స్ప్రింగు దెబ్బను మెత్తపరచును గాని, శక్తిని పోగొట్టజాలదు.

ఆ శక్తిని పోగొట్టుటకే షాక్ అబ్సార్బరు. దానిని మెకానిక్కులు క్లుప్తముగా షాకు అందురు. పేరు కొంత తప్పుదారి పట్టించునదే. దెబ్బను మొదట తీసికొనునవి టైరు, స్ప్రింగు. షాకు చేయు పని ఊపును అణచుట. దాని లోపల నూనె నిండిన గొట్టము, గొట్టములో పిస్టను ఉండును. పిస్టనుకు సన్నని రంధ్రములును, వాటిపై పలుచని రేకు కవాటములును ఉండును. చక్రము కదలినపుడు పిస్టను కదలును. నూనె ఆ ఇరుకు రంధ్రముల గుండా బలవంతముగా పోవలసివచ్చును. అట్లు పోవుటలో కదలిక యొక్క శక్తి వేడిగా మారి, గొట్టము గోడల ద్వారా గాలిలో కలిసిపోవును.

కొల్లేటి బురదలో నడచినవారికి ఈ సూత్రము కాళ్ళకే తెలియును. దిగబడిన కాలిని మెల్లగా లాగినచో వచ్చును. వడిగా లాగినచో బురద పట్టుకొనును. షాకు గూడ అంతే. దాని నిరోధము కదలిక వేగమును బట్టి యుండును, బరువును బట్టి కాదు. వేగము సున్న అయినపుడు నిరోధము కూడ సున్నయే. కావున నిలిచియున్న బండి బరువులో షాకు ఏ మాత్రమును మోయదు. ఈ ఒక్క మాటను మనసున నుంచుకొన్నచో మిగిలినదంతయు సులభము.

కొంచెము లెక్క

వెనుక చక్రము ఒక్కొక్కదానిపై బండి యొక్క 400 కిలోగ్రాముల ద్రవ్యరాశి ఆనియున్నదనుకొందము. స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కుటకు 40 న్యూటన్లు, అనగా ఒక మీటరునకు 40,000 న్యూటన్ల బలము కావలయుననుకొందము. 40,000ను 400చే భాగించి వర్గమూలము తీసినచో 10 వచ్చును. దానిని 6.28చే భాగించినచో 1.6. అనగా ఈ బండి తనంతట తాను సెకనుకు 1.6 సార్లు ఊగును. దీనినే సహజ పౌనఃపున్యము అందురు.

ఇపుడు, ఒక్కసారి కూడ ఊగకుండ బండి తన స్థానమునకు వచ్చి నిలుచుటకు ఎంత నిరోధము కావలెను? ద్రవ్యరాశిని స్ప్రింగు స్థిరాంకముతో గుణించి, వర్గమూలము తీసి, రెట్టింపు చేయవలెను. మన ఉదాహరణలో అది 8,000. అనగా పిస్టను సెకనుకు ఒక మీటరు వేగమున కదలునపుడు 8,000 న్యూటన్ల నిరోధము. దీనిని సందిగ్ధ అవరోధము అందురు. షాకు ఇచ్చు నిరోధము ఇందులో ఎన్నవ వంతో చెప్పు సంఖ్యను అవరోధ నిష్పత్తి యందురు.

అయినచో పూర్తిగా 8,000 ఇచ్చు షాకునే వేయవచ్చును గదా అని విద్యార్థి అడుగవచ్చును. వేయరాదు. అంత బిగువైన షాకు రోడ్డుపై రాయి తగిలినపుడు చక్రమును పైకి లేవనీయదు. ఆ దెబ్బ మొత్తమును బండికి, మనుషులకు అందించును. గుంత వచ్చినపుడు చక్రమును క్రిందికి దిగనీయదు. టైరు నేలను వదలును. అందుచేత ఇంజనీర్లు సాధారణముగా 0.2 నుండి 0.4 వరకు నిష్పత్తి నుంచుదురు. మన ఉదాహరణకు 0.3 తీసికొందము. అపుడు షాకు నిరోధము 2,400. పిస్టను సెకనుకు 30 సెంటిమీటర్ల వేగమున కదలినపుడు 720 న్యూటన్లు ఎదురు వచ్చునన్నమాట.

దీని ఫలిత మెట్లుండును? బండిని 10 సెంటిమీటర్లు నొక్కి వదలితిమనుకొందము. నిష్పత్తి 0.3 అయినచో ఒక ఊపు ముగియుసరికి 1.4 సెంటిమీటర్లు, రెండవ ఊపునకు 0.2 సెంటిమీటర్లు మాత్రమే మిగులును. షాకు అరిగి నిష్పత్తి 0.1కి దిగినచో ఒక ఊపునకు 5.3, రెండవదానికి 2.8, మూడవదానికి 1.5 సెంటిమీటర్లు మిగులును. నాలుగవ ఊపు కూడ కనిపించుచునే యుండును. "చాలసేపు ఊగుచున్నది" అను మాటకు అర్థ మిదియే.

నిజమైన షాకులో నొక్కుడునకు ఒక నిరోధము, సాగుటకు మరియొక నిరోధము ఉండును. సాగునపుడు రెండు మూడు రెట్లు ఎక్కువగా నుంచుట వాడుక. రాయి ఎక్కునపుడు చక్రము సులువుగా లేవవలెను. నొక్కబడిన స్ప్రింగు తిరిగి విప్పుకొనునపుడు దానిని పట్టి యుంచవలెను గదా. పై సంఖ్యలను ఈ రెండింటి సగటుగా భావింపవచ్చును.

రెండు దారులు, రెండు అనునాదములు

మొదట చెప్పిన రెండు దారులను మరల తలచుకొందము. కొల్లేటి వైపు రోడ్డుపై అలలు ఒకదాని కొకటి 10 మీటర్ల దూరమున ఉన్నవనుకొందము. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోయినచో సెకనుకు 16.7 మీటర్లు పోవును. అనగా సెకనుకు సుమారు 1.7 అలలు తగులును. ఇది బండి సహజ పౌనఃపున్యమైన 1.6కు దాదాపు సమానము. ఉయ్యాలను సరియైన సమయమునకు మరల మరల త్రోసినట్లు ప్రతి అలయు బండిని మరికొంత ఊపును. ఇదియే అనునాదము. బండి శరీరమంతయు తేలిపోవుచున్నట్లు తోచును. కొంత వేగము తగ్గించిన వెంటనే ఊపు తగ్గుటకు కారణము ఇపుడు తెలిసినది.

బుట్టాయగూడెము పైని కంకర బాటపై సంగతి వేరు. కంకర బాటలపై చక్రముల రాకపోకలచేతనే చిన్న చిన్న మడతలు, రేకు పైకప్పు ముడుతలవలె ఏర్పడును. ఇచ్చట ఊగునది బండి శరీరము కాదు, చక్రము. చక్రము, దాని ఇరుసు భాగము కలిసి 50 కిలోగ్రాములనుకొందము. దానిని క్రింద టైరు, పైన స్ప్రింగు పట్టియున్నవి. టైరు స్ప్రింగుకంటె చాల బిగువైనది. మీటరునకు 2,00,000 న్యూటన్లు అనుకొందము. స్ప్రింగుది కలిపి 2,40,000. దీనిని 50చే భాగించి, వర్గమూలము తీసి, 6.28చే భాగించినచో 11 వచ్చును. చక్రము సెకనుకు 11 సార్లు ఎగురగలదు. మడతలు 75 సెంటిమీటర్ల దూరమున నున్నచో గంటకు 30 కిలోమీటర్ల వేగమున సరిగా సెకనుకు 11 మడతలు తగులును.

అపుడు చక్రము నేలను తాకుచు వదలుచు పోవును. టైరు నేలను పట్టుకొను బలము దానిపైనున్న బరువును బట్టి యుండును. నేలను వదలిన క్షణమున ఆ బలము సున్న. గాలిలోనున్న చక్రమునకు బ్రేకు వేసినను, స్టీరింగు త్రిప్పినను ప్రయోజనము లేదు. వంపు తిరుగునపుడు కంకర బాటపై బండి ప్రక్కకు జారుటకు ఇదియొక ముఖ్య కారణము. కావున షాకు సుఖము కొరకు మాత్రమే కాదు. బ్రేకు, స్టీరింగులతోపాటు అదియు రక్షణ సాధనమే. సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగు బండిని, పదకొండు సార్లు ఎగురు చక్రమును ఒక్క షాకే అణచవలసియున్నది.

వేడిని మరువరాదు

కంకర బాటపై పిస్టను సగటున సెకనుకు 30 సెంటిమీటర్ల వేగమున ఆడుచున్నదనుకొందము. నిరోధమును వేగముతో రెండుసార్లు గుణించినచో 2,400 × 0.3 × 0.3, అనగా 216 వాట్లు. రెండు నూరు వాట్ల బల్బులు ఆ చిన్న గొట్టములో వెలుగుచున్నట్లే. నూనె కాగును. కాగిన నూనె పలుచనై స్నిగ్ధత తగ్గును. రంధ్రముల గుండా సులువుగా పారును. బయలుదేరినపుడు బాగుగానున్న షాకు గంట ప్రయాణము తరువాత పట్టు సడలుటకు ఇది యొక కారణము. రెండవ కారణము నురుగు.

నురుగు సంగతి తెలియుటకు షాకులలోని రెండు ముఖ్యమైన రకములను తెలిసికొనవలెను. జంట గొట్టముల షాకులో లోపలి గొట్టమున పిస్టను ఆడును. పిస్టను కడ్డీ లోనికి వచ్చినపుడు ఆ కడ్డీ ఘనపరిమాణమంత నూనె అడుగు కవాటము ద్వారా వెలుపలి గొట్టములోనికి పోవును. అచ్చట నూనెపైన గాలి గాని, తక్కువ పీడనముగల నైట్రొజను గాని ఉండును. వట్టి గాలి యున్న షాకు విడువక ఆడినచో గాలి, నూనె చిలుకబడి నురుగగును. నురుగు నొక్కిన నొక్కుకొనును గాని కవాటముల వద్ద ఎదురు నిలువదు. నైట్రొజను కొంత పీడనముతో నున్నచో ఈ బాధ తగ్గును.

ఒంటి గొట్టపు షాకులో ఒకే గొట్టముండును. అందులో తేలియాడు మరియొక పిస్టను నూనెను, వాయువును పూర్తిగా వేరుచేయును. వాయువు నైట్రొజను, పీడనము సాధారణముగా 20 నుండి 30 వాతావరణములు. ఈ పద్ధతిని ఫ్రాన్సు దేశీయుడైన క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ 1950 దశకమున ప్రచారములోనికి తెచ్చెను. గోలీ సోడా బుడ్డిలో గోలీ బిగిసియున్నంతవరకు బుడగలు రావు. గోలీ నొక్కగానే నురుగు పొంగును. అట్లే అధిక పీడనము నూనెలో బుడగలు పుట్టనీయదు. పైగా నూనెకు, వెలుపలి గాలికి నడుమ ఒకే గోడ యుండుటచే వేడి త్వరగా పోవును.

అయినచో ఒంటి గొట్టమే మేలు అని తొందరపడరాదు. దాని వెలుపలి గోడయే పిస్టను ఆడు గోడ. రాయి ఎగిరి తగిలి సొట్ట పడినచో పిస్టను అచ్చటనే పట్టుకొనును. జంట గొట్టములలో వెలుపలి గొట్టమునకు చిన్న సొట్ట పడినను లోపలి పని సాగును. దాని ధర కూడ తక్కువ. రోడ్లపైననే ఎక్కువగా తిరిగి, ఏడాదికి ఒకటి రెండుసార్లు అడవి దారి పట్టువారికి వాయువుతో నింపిన మంచి జంట గొట్టముల షాకు చాలును. గంటల తరబడి కంకరపై బరువుతో పోవువారికి ఒంటి గొట్టము గాని, లావైన గొట్టముతో ఎక్కువ నూనె పట్టు జంట గొట్టము గాని మేలు.

ఒంటి గొట్టపు షాకులోని వాయువు బండిని పైకి లేపునను మాట కూడ వినబడుచుండును. లెక్క చూతము. కడ్డీ మందము 14 మిల్లీమీటర్లయినచో దాని అడ్డుకోత వైశాల్యము 1.54 చదరపు సెంటిమీటర్లు. 25 వాతావరణముల పీడనము దానిపై చూపు బలము సుమారు 390 న్యూటన్లు. మన స్ప్రింగు లెక్కలో ఇది బండిని లేపునది సుమారు ఒక సెంటిమీటరు మాత్రమే.

క్రుంగిన బండికి మందు

ఇపుడు కుటుంబమంతయు బండి ఎక్కినది. వెనుక చక్రము ఒక్కొక్కదానిపై 176 కిలోగ్రాములు అదనముగా చేరి 576 అయినవనుకొందము. లెక్క సులభముగా నుండుటకే ఈ సంఖ్యను తీసికొనుచున్నాము. స్ప్రింగు అదనముగా 4.3 సెంటిమీటర్లు క్రుంగును. సందిగ్ధ అవరోధము 8,000 నుండి 9,600కు పెరుగును. షాకు మాత్రము పాత 2,400 దగ్గరనే యున్నది. నిష్పత్తి 0.3 నుండి 0.25కు దిగినది. బండి క్రుంగినది, ఊపు కొంత ఎక్కువైనది. ఇవి రెండు వేరు వేరు బాధలు.

షెడ్డులో చెప్పినట్లు షాకును మాత్రమే రెట్టింపు గట్టిది వేసినచో ఏమగును? ఊపు తగ్గును; సలహాలోని సగము నిజ మిది. క్రుంగుట మాత్రము ఒక్క మిల్లీమీటరైనను తగ్గదు. పైగా మరియొక చిక్కు కలదు. సాగుటకు నిరోధము మితిమీరినచో, ఒక మడతపై నొక్కబడిన స్ప్రింగు తిరిగి విప్పుకొనకముందే రెండవ మడత తగులును. మూడవది, నాలుగవది తగులుకొలది బండి మెట్టు మెట్టుగా ఇంకను క్రిందికి దిగిపోవును. పైకి లేపునని వేసిన షాకే బండిని కూర్చుండబెట్టునన్నమాట.

క్రుంగిన బండికి మందు స్ప్రింగు. అంతకుముందు చూడవలసినవి రెండు: ఒకటి, తయారుచేసినవారు నిర్ణయించిన బరువును మించినామా? మించినచో సామాను దింపుటయే మందు. ఏ స్ప్రింగును, ఏ షాకును ఆ హద్దును పెంచజాలవు. రెండు, పాత కమానులు వంపు పోయి చదునైనవా, వాటిలో పట్టీ ఏదైన విరిగినదా?

ఈ రెండును సరిగానుండి, ఆ బరువు నిత్యమును మోయవలసినదే అయినచో బిగువైన స్ప్రింగు వేయవలెను. మిల్లీమీటరునకు 57.6 న్యూటన్లు కోరు స్ప్రింగు వేసితిమనుకొందము. 576 కిలోగ్రాములకు అది సరిగా 9.8 సెంటిమీటర్లు నొక్కుకొనును. ఖాళీ బండి పాత స్ప్రింగుపై నొక్కుకొన్నదియు అంతే. ఎత్తు తిరిగి వచ్చినది. కాని సందిగ్ధ అవరోధము ఇపుడు 11,520 అయినది. పాత షాకు నిష్పత్తి 0.21కి పడిపోయినది. మరల 0.3 కావలెనన్నచో షాకు నిరోధము సుమారు 3,450 ఉండవలెను. బరువు, స్ప్రింగు, షాకు మూడును 1.44 రెట్లే పెరిగినవని విద్యార్థులు గమనింపవలెను. షాకును స్ప్రింగునకు తగినట్లు ఎన్నుకొనవలెనను మాటకు ఇదియే అర్థము.

దీనికి చెల్లింపవలసిన మూల్యము కూడ కలదు. బరువు దింపిన తరువాత ఇదే బండి సెకనుకు 1.9 సార్లు ఊగును, నిష్పత్తి 0.36 అగును. అనగా ఖాళీ బండి ఎముకలు కదల్చును. ఏడాదికి నాలుగుసార్లు యాత్ర చేయువారు ఆ నాలుగు దినముల కొరకు మిగిలిన దినములు కుదుపులు పడుట వివేకము కాదు. ఎక్కువ దినములు మోయు బరువునకు తగినట్లు ఎన్నుకొనవలెను. రెండును సమముగా జరుగువారికి నిరోధమును మీటతో మార్చుకొను షాకులు ఉపయోగపడును.

ఏ బండికి ఏది

స్ప్రింగు రకమును గూడ చూడవలెను. విల్లీస్ జీపునకు, ఆ వంశమున మన దేశములో తయారైన పాత మహీంద్రా జీపులకు, 1985లో వచ్చిన మారుతి జిప్సీకి నాలుగు మూలలను కమాను కట్టలే. కమాను పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనుటచే ఆ ఘర్షణయే కొంత ఊపును అణచును. 2010 నాటి మహీంద్రా థార్‌లో ముందు మెలిపడు కడ్డీలు, వెనుక కమానులు. 2020లో వచ్చిన థార్‌లోను, మన దేశమున 2023లో వచ్చిన జిమ్నీలోను చుట్ట స్ప్రింగులు. చుట్ట స్ప్రింగులో ఘర్షణ అతిస్వల్పము. అణచు భారమంతయు షాకుపైననే పడును. కావున ఒక బండికి బాగుగానున్న షాకు, కొలతలు సరిపోయినను, మరియొక బండికి సరిపోవునని చెప్పరాదు.

పొడవు మరియొక ముఖ్య విషయము. స్ప్రింగు మార్చి బండిని కొన్ని సెంటిమీటర్లు లేపినచో పాత షాకు పూర్తిగా సాగి, చక్రము గుంతలో దిగు ప్రతిసారియు కొసన తగులుచుండును, త్వరలోనే తెగును. మరీ పొడవైన షాకు వేసినచో బండి నొక్కుకొనునపుడు అడుగున తగిలి, బిగింపులనే విరుచును. అందుచేత రెండు కొలతలు తీయవలెను. ఇరుసు క్రిందికి వ్రేలాడునపుడు రెండు బిగింపుల నడుమ దూరము ఒకటి. బంపు రబ్బరు పూర్తిగా నొక్కుకొన్నపుడు ఆ దూరము రెండవది. రబ్బరు నొక్కుకొన్న తరువాత కూడ షాకులో కొంత ప్రయాణము మిగిలి యుండవలెను. ఇరుసు క్రిందికి దిగినపుడు బ్రేకు గొట్టములు లాగబడరాదు. కొలుచునపుడు బండిని జాకీపై మాత్రమే నిలిపి క్రింద దూరరాదు. గట్టి స్టాండ్లపై నిలుపవలెను. బండి నిర్మాణమున చేయు మార్పులకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము హద్దులు పెట్టినదనియు గుర్తుంచుకొనవలెను.

షాకు వాలును గూడ మార్చరాదు. నిలువునకు 30 డిగ్రీలు వాలినచో దాని పని నాలుగింట మూడు వంతులగును. 45 డిగ్రీలయినచో సగమగును. కదలికలో ఒక భాగమే షాకునకు అందును. షాకు బలములో ఒక భాగమే చక్రమునకు అందును. కొసైనును రెండుసార్లు గుణింపవలెనన్నమాట. త్రికోణమితి పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు.

పాత షాకు నిజముగా పోయినదా?

మార్చుటకు ముందు పరీక్ష చేయవలెను. బండి మూలను బలముగా నొక్కి వదలినచో అది పైకి లేచి, తన స్థానమునకు వచ్చి నిలువవలెను. ఇంకను రెండు మూడుసార్లు ఊగినచో షాకు అరిగినది. ఈ పరీక్షలో అట్లు ఊగిన బండి షాకు తప్పక పోయినదే. నిలిచిన బండి తప్పక బాగున్నదని మాత్రము చెప్పలేము. కమానుల ఘర్షణ లోపమును కప్పిపుచ్చును. చేతితో నొక్కిన వేగము రోడ్డు దెబ్బ వేగమునకు సమానమును కాదు.

నూనె కారి గొట్టమంతయు తడిసి మన్ను పట్టియుండుట, టైరు అంచున గుంటలు గుంటలుగా అరుగుట, బిగింపుల రబ్బరు బుష్‌లు పగిలి చప్పుడగుట ఇతర గుర్తులు. కొన్నిసార్లు పోయినది ఐదు వందల రూపాయలు చేయని బుష్ మాత్రమే కావచ్చును. కుదుపుల దారిపై పది కిలోమీటర్లు పోయి దిగి, నాలుగు షాకుల వద్దకు చేయి దగ్గరగా తీసికొని పోయి చూడవలెను. ముట్టుకొనరాదు, కాలును. మూడు వేడిగానుండి ఒకటి చల్లగానున్నచో, ఆ చల్లనిదే పని మానినది. శక్తి నిత్యత్వ నియమమును ఇట్లు రోడ్డు ప్రక్కనే పరీక్షింపవచ్చును.

మార్చునపుడు ఒకే ఇరుసుకు రెండు ప్రక్కలను కలిపి మార్చవలెను. లేనిచో బ్రేకు వేసినపుడు రెండు చక్రములు రెండు తీరుల ప్రవర్తించును. జంట గొట్టముల షాకు దుకాణమున పడుకొనియున్నపుడు పైనున్న గాలి పనిచేయు గొట్టములోనికి చేరియుండును. దానిని నిలువుగా పట్టుకొని నాలుగైదుసార్లు పూర్తిగా సాగదీసి మూసి, మధ్యలో ఖాళీ దెబ్బ లేదని చూచిన పిమ్మటనే బిగింపవలెను. రబ్బరు బుష్‌ల నట్లను చివరిసారి బిగించుట బండి తన చక్రములపై నిలిచిన తరువాతనే చేయవలెను. వాయువు నింపిన పాత షాకును ఎన్నడును కోయరాదు, కాల్చరాదు.

తరగతిలో ఒక ప్రయోగము

సన్నని చుట్ట స్ప్రింగును స్టాండుకు వ్రేలాడగట్టి, కొసకు బరువును, బరువు క్రింద సన్నని కడ్డీతో చిన్న గుండ్రని రేకును తగిలింపుము. మొదట గాలిలో ఊపి, ఊపు సగమగుటకు ఎన్ని డోలనములు పట్టునో లెక్కింపుము. తరువాత రేకు మాత్రము నీటిలో మునుగునట్లు గ్లాసు నుంచి చూడుము. పిమ్మట ఆముదములో చూడుము. గాలిలో చాల ఊపులు, నీటిలో కొన్ని, ఆముదములో దాదాపు ఒకటియు ఉండదు. ప్రతిసారియు ఊపు ఆగిన పిమ్మట స్ప్రింగు సాగిన పొడవును స్కేలుతో కొలువుము. రేకును నీరు, ఆముదము పైకి త్రోయుటచే వచ్చు స్వల్ప భేదము తప్ప, మూడుసార్లును ఒకే పొడవు వచ్చును. ద్రవము ఊపును మార్చినది గాని, మోతను మార్చలేదు.

షెడ్డుకు పోవునపుడు కుటుంబమువారు జ్ఞప్తియం దుంచుకొనవలసిన దదియే. మొదట బరువును తూచి, స్ప్రింగును చూచి, తాము త్రొక్కు దారిని తలచి, పొడవును కొలిచి, చివరకు షాకును ఎన్నుకొనవలెను. ఈ వరుస తప్పినచో ఎంత ఖరీదైన షాకైనను వృథా. వరుస తప్పనిచో కొల్లేటి గట్టుపైనను, బుట్టాయగూడెము కంకరపైనను నాలుగు చక్రములు నేలను వదలక, బ్రేకు వేసిన చోట బండి నిలుచును.